రెండు కార్డులు, ఒకే ఇల్లు

పొద్దున ఎనిమిదికల్లా కోడలు కంప్యూటర్ ముందు కూర్చునేది. ఇంకా కట్టని ఇళ్లని కట్టినట్టు చూపించడం ఆమె పని. ఇంజినీరు పంపిన ప్లాను చూసి గోడలు లేపి, కిటికీలు పెట్టి, ఏ వేళకి ఏ గదిలో ఎండ పడుతుందో కూడా సరిచూసుకునేది. అంతా అయ్యాక ఒక బటన్ నొక్కితే, లోపలున్న గ్రాఫిక్స్ కార్డు ఆ ఇంటి బొమ్మని పైనుంచి కిందికి వరసలు వరసలుగా గీసుకుంటూ వచ్చేది.

ఆ కార్డు ఆమె భర్తది. ఆ పనీ అతనిదే. మూడేళ్ల కిందట, అదే కుర్చీలో పని చేస్తూ చేస్తూనే గుండె ఆగి పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. నెల తిరక్కుండానే కోడలు ఆ కుర్చీలో కూర్చుంది. ఆమె చేసిన మొదటి బొమ్మ ఒక ఆఫీసు బిల్డింగ్‌ది. అందులో మూడో అంతస్తు వరండాలో అతను నిలబడి ఉన్నాడు, ఇంట్లో వేసుకునే చారల చొక్కాతో.

అప్పట్నుంచి ఆ కార్డు గీసిన ప్రతి ఇంట్లోనూ అతను ఉండేవాడు. ఒకసారి వంటింటి గుమ్మంలో, ఒకసారి బాల్కనీలో. ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు. ఇంజినీరు మాత్రం అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు.

"మేడం, మెట్ల దగ్గర సార్‌ని కొంచెం పక్కకి జరగమనండి. అల్మరా కనపడట్లేదు."

"చెప్తే వినే మనిషి కాదండీ. అల్మరానే జరుపుతాలెండి," అనేది కోడలు.

మామగారు తూనికలు కొలతల ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. కొట్టు కొట్టుకీ తిరిగి త్రాసులు పరీక్షించడమే ఉద్యోగం కావడంతో వీధిలో అందరికీ ఆయన తూనికలాయనే. సాయంత్రం కాగానే కోడలి వెనక స్టూలు వేసుకుని కూర్చుని, ఆ రోజు బొమ్మలో కొడుకు ఎక్కడున్నాడో వెతుక్కునేవాడు. కనపడగానే "ఆఁ, ఉన్నాడు" అని లేచి వెళ్లిపోయేవాడు. ఆ విషయంలో ఇద్దరి మధ్యా అంతకు మించి మాట ఉండేది కాదు.

అలా ఉండగా ఇంజినీరు పెద్ద పని తెచ్చాడు. నలభై గదుల ఆసుపత్రి, మూడు వారాల్లో కావాలి. పాత కార్డుతో అయ్యేది కాదని కొత్త కార్డు కూడా పంపాడు. పెట్టి చూడండి, నచ్చకపోతే తిరిగి పంపెయ్యండి అన్నాడు. ఆ అట్టపెట్టె రెండు రోజులు బల్ల కిందే ఉండిపోయింది.

"రెండిటికీ పెద్ద తేడా ఉండదులెండి మామయ్యా. పాతదాంతోనే లాగించేస్తాను," అంది కోడలు.

"కొలవకుండానే తేడా లేదని ఎలా చెప్తావమ్మా?"

అనేశాక ఆయన మనసే చివుక్కుమంది. కొత్తది గెలవాలని ఆయనకీ లేదు. కానీ కొన్ని నెలలుగా కోడలు వేళకి భోజనానికి లేవడం లేదు. ముసలిదైపోయిన ఆ కార్డు మధ్యలో ఎక్కడ ఆగిపోతుందోనని కుర్చీ వదలడం లేదు. ఆయన అది చూస్తూ ఊరుకోలేకపోయాడు.

పరీక్ష న్యాయంగా జరగాలన్నాడు తూనికలాయన. ఒకే ఇల్లు, ఒకే వెలుతురు, తామున్న గది కిటికీలు మూసి ఒక్కో కార్డుకీ మూడేసి సార్లు.

ముందు కొత్తది పెట్టారు. రెండంతస్తుల ఇంటిని తొమ్మిది నిమిషాల్లో గీసేసింది. రెండోసారీ తొమ్మిదే, మూడోసారీ తొమ్మిదే. వేడి అరవై రెండు డిగ్రీలు దాటలేదు. దాని ఫ్యాను తిరుగుతోందో లేదో చెవి ఒగ్గి వింటే గాని తెలియలేదు. నేల మీద పడ్డ ఎండ గోడ మీదికి పాకిన తీరు కూడా, పాత కార్డు ఎన్నడూ గీయలేనంత నిజంగా ఉంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మూడు బొమ్మల్లోనూ గది గదీ వెతికాడు.

"లేడు," అన్నాడు.

"ఎలా ఉంటారు మామయ్యా? దానికి ఆయన తెలియదుగా."

మర్నాడు పాతది పెట్టారు. మొదటిసారి యాభై ఒక్క నిమిషాలు, ఎనభై నాలుగు డిగ్రీలు. అతను హాల్లో కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. కోడలు ఊపిరి పీల్చుకుంది. రెండోసారి గంట పట్టింది, వేడి తొంభై ఒకటికి ఎక్కింది. ఫ్యాను రొదకి మాట వినపడలేదు. ఈసారి అతను కిటికీ దగ్గర లేడు. మెట్ల మీద చతికిలబడి ఉన్నాడు. ఒకే ఇంటిని పదిసార్లు గీసినా అదివరకు అతనున్న చోటు మారేది కాదు.

"అలిసిపోయినట్టున్నాడు. ఇంక ఆపుదామా?" అన్నాడు ఆయన.

"మూడుసార్లని మీరేగా అన్నారు. ఇంకొక్కసారి చూడనివ్వండి."

మూడోసారి మధ్యాహ్నం మొదలైంది. పైకప్పు వచ్చింది, మెట్లు వచ్చాయి. నలభై నిమిషాలకి అతని జుట్టు, చెమట పట్టిన నుదురు, తర్వాత కళ్లు. ఆ కళ్లు తిన్నగా కుర్చీలో ఉన్న మనిషినే చూస్తున్నాయి. ఆ కింద, ఎడమ భుజాన్ని గట్టిగా పట్టుకున్న కుడిచెయ్యి.

తూనికలాయనకి ఆ చెయ్యి తెలుసు. పోయే ముందురోజు కొడుకు అచ్చం అలాగే భుజం పట్టుకుని కూర్చుంటే, "నిటారుగా కూర్చుంటే ఏ నొప్పీ రాదు" అని పేపర్ చదువుకుంటూ ఉండిపోయాడు. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన చూపు తెర మీదనుంచి కోడలి మీదికి తిరిగింది. ఆమె కుడిచెయ్యి తన ఎడమ భుజం నొక్కుకుంటోంది.

"ఎన్నాళ్లనుంచి ఆ నొప్పి?"

"నాలుగైదు రోజులనుంచి. కూర్చుని కూర్చుని పట్టేసింది."

"లే. ఆసుపత్రికి వెళదాం."

"బొమ్మ పూర్తి కానివ్వండి మామయ్యా. వేడి తొంభై ఆరుకి వచ్చింది. ఇప్పుడు ఆగితే మళ్లీ గీస్తుందో లేదో."

కొడుకు కళ్లల్లోకి అలా సూటిగా చూసి ఆయనకి మూడేళ్లయింది. ఇంకో నిమిషం చూడాలని ఆయన ప్రాణమూ కొట్టుకుంది. వంగి, గోడకున్న ప్లగ్ లాగేశాడు.

తెర నల్లబడింది. కోడలు ఆయన్ని ఎన్నడూ చూడనట్టు చూసింది.

"వాణ్ని లేపలేదమ్మా నేను," అన్నాడు ఆయన. "నువ్వు లే."

గుండెకి వెళ్లే రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందన్నాడు డాక్టరు. రెండు రోజులు ఆలస్యమైతే తాను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదన్నాడు. స్టెంటు వేశారు. అయిదో రోజున ఇంటికి వచ్చింది.

పాత కార్డు మళ్లీ పలకలేదు. రిపేరు చేసేవాడు వచ్చి, లోపల కాలిపోయింది, ఇందులో ఇంక ప్రాణం లేదన్నాడు. మంచం మీదనుంచి ఆ మాట విని కోడలు గోడవైపు తిరిగి పడుకుంది. పదకొండు రోజులు మామగారితో మాట్లాడలేదు. ఆయన వండి పెట్టింది మాత్రం వంక పెట్టకుండా తింది.

పన్నెండో రోజు కంచం అందుకుంటూ అడిగింది.

"మీరూ చూశారుగా. నన్నే చూస్తున్నారు కదూ?"

"నిన్నే చూస్తున్నాడు."

అప్పుడు ఆయన, పేపర్ చదువుకుంటూ ఆ రోజు అన్న మాట ఆమెకి చెప్పాడు. చెప్తూ తల ఎత్తలేకపోయాడు.

"నాతో కూడా చెప్పారు మామయ్యా, భుజం నొప్పి అని. నేను ఆయింట్‌మెంట్ రాసి పడుకోమన్నాను."

ఇంజినీరు ఆమె కోసం ఆగాడు. కొత్త కార్డు ఆసుపత్రి గదులు నలభైనీ ఒక్క రోజులో గీసేసింది. తూనికలాయన నలభై గదులూ చూశాడు. మంచాలు, తెల్లటి దుప్పట్లు, కిటికీల్లోంచి ఎండ. చూసి, అన్నీ బాగున్నాయమ్మా అన్నాడు.

సాయంత్రం డాక్టరు చెప్పిన నడకకి ఇద్దరూ బయల్దేరారు. వీధి చివరకి వచ్చేసరికి కోడలు చాలా ముందుకి వెళ్లిపోయింది. ఎక్కడా ఆగలేదు, ఆయాసపడలేదు. ఆయన మెల్లగా వెళ్లమనలేదు. ఆమె అంత చకచకా నడవడం చూస్తూ, ముంజేత్తో కళ్లు తుడుచుకుని, అందుకోవాలని అడుగు పెంచాడు.