రాజమౌళి వంత

ఒగ్గుకథల ముందట నిలబడి కథ నడిపేది రాజమౌళి. వెనుక నిలబడి వంత పాడేది ఆయన బామ్మర్ది అంజిలయ్య. చేవెళ్ల చుట్టూత ఏ ఊరికి పోయినా ఇదే జోడు. కథకుడు యాడన్న తట్టుకుంటే వంతగాడు ఎకసెక్కంగ ఒక ప్రశ్న వేస్తడు. తర్వాతి మాట ఆ ప్రశ్నలనే ఉంటది. జనం నవ్వుకుంటరు, కథ సాగిపోతది.

మొన్న ఆలూరుల కథ చెప్తుంటే భూపాల్ మైకులు పెట్టి జనం నడుమనే రికార్డు చేసిండు. వారమంత మాదాపూర్‌ల కంప్యూటర్ కొలువు చేసి, ఆదివారం మొయినాబాద్‌ల సీడీలు తయారుచేసే పిలగాడు. ఇయ్యాల ముగ్గురూ ఆయన దుకాణంల కూసొని వింటున్నరు.

"బావా, పెద్దకోడలు పుట్టింటికి బయలెల్లె. సద్దిల జొన్నరొట్టె గట్టుకున్నదా, ఉత్తచేతులతోని పోయిందా?" స్పీకర్ డబ్బాలకెల్లి అంజిలయ్య గొంతు.

రాజమౌళి గొంతు లేదు.

"అగో, మా అక్క సద్ది గట్టకుంటే ఈయనకు మాట గూడ రాదుల్లా!"

జనం నవ్విండ్రు.

"రొట్టె సంగతి నాకేమెరుక? నువ్వే జెప్పరాదు," అన్నది రాజమౌళి గొంతు. ఆడికెల్లి అంజిలయ్యనే కథ ఎత్తుకున్నడు. "ఆహా... అట్లనా!" అని రాజమౌళి వంత పట్టిండు.

భూపాల్ ఆపిండు. "ఇక్కడ జర గడబిడ ఉన్నదన్నా. కట్ చేస్తే నీట్‌గ అయితది."

"తీసెయ్," అన్నడు అంజిలయ్య గబుక్కున. ఆ పొద్దు బావ కండ్లల్ల బెదురు చూసింది ఆయనొక్కడే. కథ మర్చిపోతుండని బయట పొక్కితే ఇగ ఎవలు పిలుస్తరు? పిలువకుంటే ఇంట్ల కూసొని ఈ మనిషి ఏమైపోతడు?

"ఇంకోసారి పెట్టు పిలగా," అన్నడు రాజమౌళి. కండ్లు మూసుకొని విన్నడు. "వంత మంచిగున్నది. ఎవలిదిరా?"

అంజిలయ్య బావ దిక్కు తిరిగిండు. "నీదే, బావా."

"తెలుసు పో. నీ నోట విందామని అడిగిన." నవ్విండు. "శానా మర్చిపోతున్న, అంజిలీ. పొద్దుగాల మీ అక్క పేరుకే తడుముకున్న. ప్రశ్న మీద ప్రశ్న వేసి ఎన్నొద్దులు మోస్తవు? నేను చెప్తే నువ్వు ముందటికి రావు. ఇది నలుగురు వింటే వాళ్లే నిన్ను ముందటికి తోస్తరు."

"మరి నువ్వో?"

"వెనుక ఉంట. ఆహా అనెటందుకు యాది ఎందుకురా?"

"ఉంచాల్నా, తియ్యాల్నా?" అన్నడు భూపాల్.

రోడ్డు మీద ఆగిన మెహదీపట్నం బస్సు జనాన్ని ఎక్కించుకొని పోయేదాక అంజిలయ్య దాన్నే చూసిండు. "ఉంచు," అన్నడు.

చిన్న మంగళారంల సీడీ విడుదల చేసి, కథ ఒక ముక్క చెప్పమన్నరు. అంజిలయ్య అలవాటుగ పోయి వెనుక నిలబడ్డడు. రాజమౌళి వచ్చి ఆయన వెనుక నిలబడ్డడు. ముందట జాగ ఖాళీగున్నది.

"ఏందయ్యా, కథ మైకు చెప్తదా?" జనంల కూసున్న గోపమ్మ అరిచింది. అందరు నవ్విండ్రు.

అంజిలయ్య ఒక అడుగు ముందటికి వేసిండు. ఇంక నోరు తెరువకముందే వెనుకకెల్లి "ఆహా" అని వినబడ్డది.