నన్ను నమ్ముకున్న బెనిఫిట్ షో

నేను ఒక ఫ్రేమ్‌వర్క్‌ని. ఫొటోలకు కట్టే ఫ్రేము కాదు. నన్ను రాసిన వాసంతి వాళ్లమ్మ మాత్రం నేటికీ అదే అనుకుంటోంది. వెబ్‌సైట్ కట్టేవాళ్లు తలుపులూ మెట్లూ గొళ్లేలూ మొదట్నుంచీ చెక్కుకోనక్కర్లేకుండా ముందే చేసిపెట్టిన సామానుని. రస్ట్ అనే కంప్యూటర్ భాషలో పుట్టాను. నా పేరు కవ్వం. లోపలికొచ్చిన ప్రశ్నను చిలికి జవాబు తీస్తానని వాసంతి ఆ పేరు పెట్టింది. నేను ఏ ఒక్కరి సొత్తూ కాదు. నన్ను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తిట్టొచ్చు. చివరిదే ఎక్కువగా జరుగుతుంది.

ముక్కామల వాసంతి విశాఖపట్నంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగి. ఆఫీసు బస్సులో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, కుదుపుల మధ్య నన్ను రాసింది. నాలో ఎక్కడైనా ఒక వరుస హఠాత్తుగా ఆగిపోతే అక్కడ స్పీడ్ బ్రేకర్ ఉందని అర్థం.

నన్ను ఇంటర్నెట్‌లో పెట్టగానే లోకం నలుమూలల నుంచి వేలమంది వచ్చి, మెచ్చుకోలుగా నక్షత్రం గుర్తు నొక్కి వెళ్లిపోయారు. పెళ్లికొచ్చి నాలుగు అక్షింతలు వేసి, పెళ్లికూతురి పేరైనా అడక్కుండా భోజనాలకు పరిగెత్తేవాళ్లలాగా. మెచ్చినవాళ్లు వేలమంది. వాడినవాడి జాడ మాత్రం లేదు. వాసంతికి అదే బెంగ. బెంగ కలిగినప్పుడల్లా నా లోపలి భాగాల పేర్లు మార్చేది. చిలీ దేశంలో ఉన్న పాబ్లో అనే సహాయకుడు చూసి "బాగుంది" అనేవాడు. రెండో మనిషి ఒప్పుకోనిదే నాలో ఒక్క అక్షరం కూడా మారకూడదని ఆమే నియమం పెట్టింది. తనకూ మినహాయింపు లేదని లోకానికంతా గొప్పగా చాటుకుంది.

మొన్నామధ్య నా పాత వెర్షన్లలో ఒక కంత బయటపడింది. దాంట్లోంచి ఎవడైనా దూరి సైట్‌ని దోచుకోవచ్చు. వాసంతి దాన్ని పూడ్చింది. పాత వెర్షన్లు ఎవరికీ అందకుండా వెనక్కి తీసుకుంది. ఎలాగూ ఇల్లు విప్పాం కదా అని నాలోని పేర్లన్నీ మార్చిపారేసింది. పాబ్లో "బాగుంది" అనేసి, సెలవు పెట్టి కొండలెక్కడానికి పోయాడు.

సరిగ్గా అప్పుడే, నన్ను వాడేవాడొకడున్నాడని తెలిసింది.

అతను కొండబాబు. చోడవరంలో శ్రీ నూకాంబిక టాకీస్ ఓనర్ పైడినాయుడుగారి ఇల్లరికపు అల్లుడు. సినిమా హాలు టికెట్ల సైట్‌ని నాతో సొంతంగా కట్టుకున్నాడు. అది టికెట్ కౌంటర్ బల్ల కింద ఉన్న కంప్యూటర్‌లో నడుస్తుంది. అంటే అక్కడ పని చేసేది నేనే. చేపైనా సాఫ్ట్‌వేరైనా తాజాగా ఉండాలన్నది కొండబాబు సిద్ధాంతం. అందుకే ఎప్పుడు కట్టినా నాలో అన్నిటికంటే కొత్త వెర్షనే కావాలని రాసిపెట్టుకున్నాడు.

పెద్ద హీరో సినిమా రేపు విడుదల. తెల్లవారుజామున బెనిఫిట్ షో వెయ్యడానికి అనుమతి వచ్చింది. ఆ షోని సైట్‌లో చేర్చడానికి కొండబాబు పాతదంతా శుభ్రంగా తుడిచేసి, కొత్తగా కట్టబోయాడు. కంపైలర్ ఒప్పుకోలేదు. కంపైలర్ అంటే మా భాష గుమ్మం దగ్గర వాచ్‌మన్. పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా లోపలికి రానివ్వడు. పాత పేర్లేవీ లేవంటూ తెరనిండా ఎర్రటి తప్పులు కక్కాడు. బయట గేటు దగ్గర ఫ్యాన్స్ డప్పులు కొడుతున్నారు.

పైడినాయుడుగారు చల్లగా అన్నారు. "అల్లుడుగారూ, మద్దేనం లోగా టికెట్లు రాకపోతే నాను పాత చింపుడు టికెట్లు తీస్తాను. రేపట్నించి తవరు కేంటీన్లో సమోసాలు ఏపుకోండి. ఆలి ముందర పరువు పోనాదని నన్నడక్కండి."

కొండబాబు నా ఫిర్యాదుల పేజీలో తెలుగులో రాశాడు: "అక్కా, టికెట్లు రావట్లేదు. గేటు ఇరగ్గొట్టేస్తన్నారు. ఫోన్ చెయ్యండి." కింద నంబరు. ఆ పేజీకి కాపలా ఉన్న యంత్రం వెంటనే ఇంగ్లీషులో జవాబిచ్చింది: ఫిర్యాదు పద్ధతి ప్రకారం లేదు, సమస్యను చూపే అతి చిన్న ఉదాహరణ పంపండి. కొండబాబు మళ్లీ రాశాడు: "సిన్నది కాదు సార్, సానా పెద్ద హీరో." యంత్రం ఫిర్యాదును మూసేసింది.

అదృష్టం బాగుండి, ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ తింటున్న వాసంతి ఫోన్‌లో ఆ తెలుగు అక్షరాలు కనిపించాయి. ఇడ్లీ వదిలేసి ఫోన్ చేసింది.

"కొండబాబుగారా? కవ్వం వాడుతున్నారా? నిజంగా?"

"వాడతన్నానండీ, ఏడుస్తన్నానండీ. ఆ పాతదే ఇచ్చీండక్కా, దండం పెడతాను."

"పాతదాంట్లో కంత ఉంది. తెలిసినవాడెవడైనా దూరి టికెట్లన్నీ ఊరికే ఎత్తుకుపోతాడు."

"అయ్యబాబోయ్ వద్దు! గేటు కాడున్నోళ్లలో సగం మంది బీటెక్కులే."

"సరే, మీ కోడ్ పంపండి, పేర్లు సరిచేసిస్తాను."

పంపాడు. హాలు మొత్తం, బాల్కనీతో సహా, ఒకే ఫైల్లో ఉంది. వాసంతి నుదురు కొట్టుకుంది. దాన్ని బాగుచేయడం కంటే నన్ను బాగుచేయడమే తేలికని తేల్చుకుంది. పాత పేర్లతో పిలిచినా పలికేలా, కంత మాత్రం తెరుచుకోకుండా, నాలో చకచకా మార్పులు రాసింది. అన్ని పరీక్షలూ పాసయ్యాను. ఇక లోకంలోకి వదలడమే.

తాళం పడిపోయింది. రెండో మనిషి ఒప్పుకోవాలి. పాబ్లో కొండ మీద ఉన్నాడు, అక్కడ సిగ్నల్ లేదు.

నియమాన్ని తీసెయ్యడం ఆమె చేతిలో పనే. కానీ వేలమంది ముందు తన మాట తనే తప్పాలి. ఫోన్‌లో డప్పుల మోత పెరిగింది. గేటు కిర్రుమన్న చప్పుడు కూడా వినిపించింది.

"కొండబాబుగారూ, మిమ్మల్ని కవ్వం నిర్వాహకుడిగా చేర్చాను. నేను పంపిన మార్పు మొత్తం చదివి, నచ్చితే ఆకుపచ్చ బటన్ నొక్కండి."

మరుక్షణమే ఆకుపచ్చ వెలిగింది.

"చదివారా?"

"సదివీసినానండీ."

"అన్ని వందల లైన్లు?"

"బాగుందండీ."

అచ్చం పాబ్లో మాటే. మనిషి ఏ దేశంలో ఉన్నా, ఇంకొకరు రాసింది చదవమంటే ఒకేలా ప్రవర్తిస్తాడని ఆ క్షణంలో నాకు అర్థమైంది.

కొండబాబు సైట్‌ని మళ్లీ కట్టాడు. ఈసారి కంపైలర్ ఒక్క మాట అనకుండా గుమ్మం వదిలాడు. బెనిఫిట్ షో టికెట్లు సైట్‌లోకి వచ్చాయి. ఫ్యాన్స్ మూకుమ్మడిగా నా మీద పడ్డారు. బల్ల కింద చెమటలు కక్కుతూ కుర్చీ వెంట కుర్చీ పంచిపెట్టాను. ఒక్క కుర్చీ కూడా ఇద్దరికి వెళ్లలేదు. కాసేపట్లో హాలు నిండిందన్న బోర్డు పెట్టించారు పైడినాయుడుగారు. "ఆ అమ్మాయి ఊరికే సేసిందా?" అని అల్లుణ్ని అడిగి, నమ్మలేక, మరోసారి అడిగారు. బాల్కనీలో తన సొంత కుర్చీని వాసంతికి ఇమ్మన్నారు.

మర్నాడు తెల్లవారుజామున ఆమె వచ్చింది. హీరో తెర మీదికి రాగానే కాగితం ముక్కల వాన కురిసింది. ఈలల్లో డైలాగు ఒక్కటీ వినపడలేదు. ఇంటర్వెల్‌లో వాసంతి ఫోన్ తీసి నన్ను తెరిచింది. నాలో ఒక పేరు ఇంకా నచ్చలేదు ఆమెకు. దాన్ని చెరిపి, అంతకంటే అందమైనది రాసింది. పంపించే బటన్ మీద వేలు ఆగింది.

హాల్లో అందరూ ఎవరి కుర్చీలోకి వాళ్లు తిరిగొచ్చి కూర్చుంటున్నారు. దీపాలు ఆరుతున్నాయి.

ఆమె పంపలేదు. నేను పాత పేరుతోనే ఉన్నాను. పిలిస్తే పలుకుతాను.