ఉలిపికట్టె సెన్సర్

పడవ పదింటికి బయలుదేరుతుంది. తొమ్మిదిన్నర నుంచే మరిది వర్క్‌షాపులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వదిన తలెత్తలేదు. డైవరు వదిలిన ఊపిరినే శుభ్రం చేసి తిరిగి అందించే యంత్రం ఆమె బల్ల మీద విప్పి ఉంది. దాన్ని బాగుచేసేది ఆమె, వీపున కట్టుకుని నీళ్ళలో మునిగేది అతను.

అందులో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు మూడు. ఏ రెండు ఒకే మాట మీదుంటే యంత్రం వాటినే నమ్ముతుంది. నిన్న లోతుకు వెళ్ళగానే మూడోది మిగతా రెంటికన్నా ఎక్కువ చూపించి అలారం మోగించింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! దాన్ని పీకి చెత్తబుట్టలో పడేశావు, కొత్తది పెట్టావు. ఇంకేంటి వదినా? ఇచ్చెయ్."

"ఉండవయ్యా. నా మనసు ఒప్పుకోవట్లేదు."

కారణం ఆమెకే తెలియదు. పాతవి రెంటినీ, కొత్తదాన్నీ చిన్న ఇనుప డబ్బాలో బిగించి, ఆక్సిజన్ నింపి, లోతులో ఉండేంత ఒత్తిడికి పెంచింది. అంకెలు కలిసే ఎక్కాయి. సగం దూరంలో పాతవి రెండూ మొరాయించాయి. కొత్తది ఎక్కుతూనే ఉంది.

"కొత్తదీ చెడిందే! మన ఖర్మ."

"డబ్బా మీద ఒత్తిడి ముల్లు చూడు. లోపలున్నదంతా ఆక్సిజనే కదా. అది ఎంతంటే కొత్తదీ అంతే అంటోంది."

ఆమె పాతవాటి వైపు వేలు చూపించింది. చెడినవి ఆ రెండూ. ఏడాదిన్నర కిందట ఒకే పెట్టెలోంచి తీసి, ఒకే రోజు, తన చేత్తోనే బిగించింది. తోడుదొంగలు కలిసే ముసలివయ్యాయి, కలిసే అబద్ధమాడుతున్నాయి. వాటిని నమ్మి, ఆక్సిజన్ చాలదనుకుని యంత్రం ఇంకా ఇంకా పోస్తుంది. ఆ లోతులో అది ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. నీళ్ళలో ఫిట్స్ వచ్చినవాడు బతికి బయటపడడు. తన బుద్ధి గడ్డి తిన్నందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

"నిన్న గంట పనన్నావు. పది నిమిషాలకే పైకొచ్చేశావేం?"

"అది ఆపకుండా కూస్తుంటే చిరాకేసి..." అని సగంలో ఆగి, అతను చెత్తబుట్ట వైపు చూశాడు.

బయట పడవ హారన్ మోగింది. ఆమె వంగి బుట్టలోంచి ఆ సెన్సర్ తీసి, చొక్కా అంచుతో తుడిచి బల్ల మీద పెట్టింది. పొద్దుటి నుంచీ మొదటిసారి అతను కూర్చున్నాడు.