పాడేరు ఘాటులో కుడివైపు ఎర్రదీపం

నేను ఒక ఇత్తడి హోల్డరును. పాత నల్ల కారు వెనక, కుడివైపు బ్రేకు లైటులో బల్బును పట్టుకుని ఉండటం నా పని. భక్తితో చేసిన పని చెరుపు చేస్తే ఆ తప్పు ఎవరిది? ఈ సందేహం ఏళ్లుగా నన్ను వదలడం లేదు.

ఏదో కార్ఖానాలో రేకు వంచి, అడుగున స్ప్రింగు బిగించి నన్ను తయారుచేశారు. ఒక కాఫీతోట యజమాని దగ్గర పాతికేళ్లు వెలిగాను. ఆయన నావైపు ఒక్కసారీ చూడలేదు, నాకు ఏ జబ్బూ రాలేదు. తర్వాత కారు కొన్న అప్పలనరసయ్యగారు నన్ను దేవుడిలా చూసుకున్నారు. కష్టాలు అక్కడే మొదలయ్యాయి. ఏటా దసరాకు కొబ్బరికాయ కొట్టి, లైట్లకు పసుపు రాసి, ఆ నీళ్లు వాటిమీదే పోసేవారు. నా అద్దం చుట్టూ చీలిన రబ్బరులోంచి నీళ్లు నాలోకి దిగేవి. చిలుము పట్టింది, స్ప్రింగు కుంగింది, గతుకు తగిలితే చాలు బల్బు ఆరిపోయేది. మూడేళ్లపాటు మా ఇద్దరి పనీ ఎడమవైపు హోల్డరే చేసింది. దానికి నేను తిరిగి చేసిందేమీ లేదు.

ఒక మార్గశిర ఉదయం ఆయన భార్య నూకరత్నమ్మకు అనకాపల్లిలో కంటి ఆపరేషను. పది గంటలకల్లా అక్కడ ఉండాలి. పాడేరు దాటుతుండగా మంచు కమ్మేసింది. వెనకొచ్చిన లారీ జానెడు దూరంలో ఆగింది. ఒక్క లైటే కనబడితే మోటారుసైకిలు అనుకున్నానని, ఘాటురోడ్డు దిగేలోపు బాగు చేయించుకోమని డ్రైవరు కేకలేసి వెళ్లాడు.

ఘాటు మొదట్లో ఖాసింపీరా ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. అతను ఎర్ర అద్దం విప్పి, నా లోపలి పచ్చటి పొక్కులు గీరి చూశాడు.

"కొబ్బరినీళ్లు పోస్తన్నావా బాబాయ్?"

"పూజకి పోస్తాను. ఇదీ దీపవే కదేటి?"

"దీపానికి నూనె పోస్తారు బాబాయ్. నీళ్లు పోస్తే ఆరిపోద్ది."

నరసయ్యగారి ముఖం చిన్నబోయింది. ఖాసింపీరా గరుకు కాగితంతో నన్ను రుద్ది, కారు బాడీకి కొత్త ఎర్త్ వైరు బిగించాడు. స్ప్రింగు మాత్రం దుకాణంలో లేదు. ఊళ్లోకి వెళ్లి తెచ్చే వ్యవధి లేదు. అతని చూపు నరసయ్యగారి జేబులోని పెన్ను మీద పడింది. అది రామకోటి రాసే పెన్ను. ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నారు.

"ఇచ్చేయ్," అంది నూకరత్నమ్మ. "రాముడు సాయంత్రం దాకా ఆగుతాడు. లారీ ఆగదు."

పెన్ను స్ప్రింగు నా అడుగున చేరింది. నరసయ్యగారు బ్రేకు తొక్కి, ఎలిగిందా అని అడిగారు.

"నాకేటి అవుపిస్తాది?" అంది వెనక నిలబడ్డ ఆమె. తర్వాత, "ఉండు. ఎర్రగా ఉంది. రెండూ," అంది.

నాలుగో మలుపులో గతుకు తగిలి, ఎడమవైపు బల్బులో తీగ తెగింది. ముందు కూర్చున్న ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. వెనక మంచులో ఇంకో లారీ మోత దగ్గరవుతోంది. ఇంతలో ముందు వెళ్తున్న జీపు ఆగిపోయింది. నరసయ్యగారు బ్రేకు తొక్కారు. కారు ఒక్కసారిగా ఊగిపోయింది. స్ప్రింగు బల్బును గట్టిగా ఎగదోసింది. నేనూ వదల్లేదు.

వెనక టైర్లు కీచుమన్నాయి. లారీ ఆగింది.

నూకరత్నమ్మ కళ్లు మూసుకుని ఏదో జపిస్తోంది. ఎడమవైపు చీకటిగానే ఉంది. అక్కడినుంచి ఘాటు కిందిదాకా మా ఇద్దరి పనీ నేనే చేశాను.