వసారా బస్సు, బాకీ కొబ్బరికాయ

సాక్షి గణపతి దగ్గర ఆగకుండా తిన్నగా వెళ్ళి శ్రీశైలం మల్లన్నను చూసొస్తే, ఆ దర్శనం లెక్కలోకి వస్తుందా, రాదా? రేపల్లె కొండలరావుకి పెళ్ళయిన కొత్తలో పుట్టిన అనుమానం ఇది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, జుట్టు పల్చబడింది, అనుమానం మాత్రం అలాగే ఉంది.

శ్రీశైలం వెళ్ళేవాళ్ళు కొండ మీద దారి పక్కన ఉండే సాక్షి గణపతికి ముందు కనబడి, పేరూ గోత్రం చెప్పుకుని వెళ్ళడం ఆనవాయితీ. ఫలానావాళ్ళు వచ్చారని రేపు పైన సాక్ష్యం చెప్పేది ఆయనే. పెళ్ళయిన నెలలో కొత్త దంపతుల్ని కొండకి పంపిస్తూ, బాపట్లలో అత్తగారు రత్తమ్మ అల్లుడి చేతిలో ఒక కొబ్బరికాయ పెట్టి, "గణపతి దగ్గర దిగి ఇది కొట్టండి బాబూ" అని మరీ చెప్పింది. కొండలరావు ఆ కాయ ఒళ్ళో పెట్టుకుని, కడుపులో తిప్పకుండా మాత్ర వేసుకుని, బస్సులో హాయిగా నిద్రపోయాడు. కళ్ళు తెరిచేసరికి శ్రీశైలం బస్టాండు. కొట్టని కాయ రేపల్లె తిరిగొచ్చి పచ్చడయింది. పచ్చడి బాగుందని కొండలరావు అన్న మాట ఎలాగో బాపట్ల దాకా వెళ్ళింది.

అంతే. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఏది చెడిపోయినా కారణం ఒకటే. మిక్సీ కాలిపోయిందా, సాక్షి లేని దర్శనం. గేదె తన్నిందా, సాక్షి లేని దర్శనం. కొండలరావు భక్తిలేనివాడేం కాదు. పొద్దున్నే దీపం పెట్టకుండా లారీ తాళం ముట్టుకోడు. కాకపోతే మనసులో అనుకునేవాడు: మూడు కళ్ళున్న తండ్రికి, నేనొచ్చానని కొడుకు చెప్తేగానీ తెలియదా? ఒకసారి గుళ్ళో పూజారిగారిని అడిగితే, "ఇన్నేళ్ళు అనుమానపడే బదులు ఓ కాయ కొట్టేసి రావచ్చు కదయ్యా" అన్నాడాయన.

అదీ నిజమే. కానీ కొండలరావుకి కొండంటే భయం. పేరులో కొండలున్నాయన్న మాటేగానీ, చుండూరు పొలాల నుంచి తెనాలి మిల్లులకి ధాన్యం తోలే ఆ మనిషి జన్మలో బండి ఎక్కించిన ఎత్తల్లా తెనాలి ఫ్లైఓవరే.

ఇలా ఉండగా అతని బావమరిది అజయ్ బాబు ఒక ఇల్లు కట్టాడు. చక్రాల మీద. తెనాలిలో బస్సులకి బాడీలు కట్టే షెడ్డు అతనిది. కాలేజీవాళ్ళు అమ్మేసిన పొడుగాటి బస్సొకటి కొని, సీట్లు పీకేసి, లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, బాత్రూము పెట్టించాడు. సముద్రం చూడ్డానికి బాపట్ల వచ్చేవాళ్ళకి అద్దెకిస్తానన్నాడు.

"మోటార్ హోమ్ అంటారమ్మా దీన్ని" అని తల్లికి చూపించాడు.

రత్తమ్మ లోపలంతా తిరిగి, పొయ్యి ఏ దిక్కున ఉందో చూసి, దిగొచ్చి అంది: "వసారా ఏదిరా?"

"బస్సుకి వసారా ఏంటమ్మా?"

"ఇల్లన్నావు కదా. వసారా లేకపోతే మనిషి సాయంత్రంపూట ఎక్కడ కూర్చుంటాడు?"

అజయ్ బాబు తల్లి మాట జవదాటడు. బస్సు వెనక ఇనప దూలాలు అతికి, మీద రేకు వేసి, ఒక బల్ల, ఒక తులసి కుండీ పెట్టి, ఆరడుగుల వసారా దింపాడు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అంత పొడుగు తోక మలుపులో ఎలా తిరుగుతుందన్న ప్రశ్న తెనాలిలో గానీ బాపట్లలో గానీ ఎవరికీ తట్టలేదు. ఆ నేల మీద పుట్టినవాళ్ళకి తట్టదు. గోళీకాయ పెడితే పెట్టినచోటే ఉండే ఊళ్ళవి.

మొదటి ప్రయాణం దేవుడి దగ్గరికే అని రత్తమ్మ తేల్చింది. ఏ దేవుడో చెప్పనక్కర్లేదు. డ్రైవరెవరంటే, "అల్లుడుగారున్నారుగా" అంది. పసుపు గుడ్డలో చుట్టిన కొబ్బరికాయ వసారాలో వేలాడదీసి ఇంకో మాట కూడా అంది.

"అల్లుడుగారండీ, ఈసారి గనక ఈ కాయ తిరిగొస్తే, ఇంక నేను మీ గడప తొక్కను."

ఇది బెదిరింపో వరమో కొండలరావు కాసేపు తేల్చుకోలేకపోయాడు. పక్కన భార్య ఉమామహేశ్వరి మొహం చూసి బెదిరింపేనని తేల్చుకున్నాడు.

చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయల్దేరారు. చిలకలూరిపేట, వినుకొండ, మార్కాపురం, అన్నీ బాగానే గడిచాయి. రాత్రి దోర్నాలలో పడుకుని, తెల్లారగానే అడవి చెక్‌పోస్టు దగ్గరికొచ్చారు. గార్డు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"ఈ వెనకాలేంటండి?"

"వసారా అండి" అన్నాడు అజయ్ బాబు.

వసారాల గురించి గార్డుకి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. గేటెత్తాడు.

ఘాట్ రోడ్డు మొదలవగానే ఇల్లు ఇల్లంతా కదిలింది. రేపల్లెలో బల్ల మీద గ్లాసు పెట్టినంత ధీమాగా ఉమ మజ్జిగ గిన్నె గట్టు మీద పెట్టింది. మొదటి ఎత్తుకే అది జారి, మంచం కిందికెళ్ళి, తర్వాత మలుపుకి ఖాళీగా తిరిగొచ్చింది. రత్తమ్మ తూర్పుకి తిరిగితేగానీ ఉప్మా కలపదు. దారి మెలిక తిరిగినప్పుడల్లా ఆవిడ గరిటె పట్టుకుని పొయ్యికి అటొకసారి, ఇటొకసారి వస్తోంది.

"అజయ్, తూర్పెటురా ఇప్పుడు?"

"ఇందాక కిటికీలో ఉందమ్మా. ఇప్పుడు బాత్రూములోకి వెళ్ళింది."

కొండలరావు ఇవేమీ వినడంలేదు. ఓ పక్క కొండ, ఓ పక్క ఆకాశం. స్టీరింగుని గోదారి ఈదేవాడు అరటిదుంగని పట్టుకున్నట్టు పట్టుకుని, శివ శివా అనుకుంటూ ఎక్కిస్తున్నాడు. చిన్న మలుపులు ఎలాగో దాటాడు. తర్వాత, దారి గడ్డపార వంచినట్టు వెనక్కి తిరిగిపోయిన చోట, ముక్కు తిరిగింది గానీ తోక తిరగలేదు. వసారా రేకు కొండరాయికి గీసుకుని కీచుమంది. కొండలరావు బ్రేకు తొక్కాడు. ముందుకు పోతే వసారా ఊడుతుంది, పోకపోతే దారి మూసుకుపోతుంది. వెనక అప్పుడే ఆర్టీసీ బస్సొచ్చి ఆగింది. దాని వెనక కార్లు.

కొండలరావూ, అజయ్ బాబూ దిగి వెనక్కి వెళ్ళేసరికి బస్సు కండక్టరు దిగొచ్చాడు. పేరు శాలేమురాజు, చేబ్రోలు మనిషి, నెమ్మదస్తుడు.

"ఏంటన్నయ్యా ఇది, బస్సా ఇల్లా?"

"రెండూనండి" అన్నాడు అజయ్ బాబు.

"ఏదో ఒకటి ఊళ్ళో వదిలేసి రావాల్సిందండి. సర్లెండి, వెనక్కి దిగిపోండి. కిందికెళ్ళి ఇంటికి పోండి."

రత్తమ్మ గరిటె పట్టుకుని వసారాలోకి వచ్చింది. కొబ్బరికాయ వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది. ఇంతకంటే ఏదైనా అంటేనే బావుండేదని కొండలరావుకి అనిపించింది. కిందికి దిగడమంటే ఆ కాయ మళ్ళీ రేపల్లె వెళ్ళడమే. ఇంకా ఎన్ని మిక్సీలు కాలాలో.

అప్పుడు అతనికి ఆ 'వెనక్కి' అన్న మాట దగ్గర బుర్ర ఆగింది.

వెనక్కి నడపడమంటే కొండలరావుకి వెన్నతో పెట్టిన విద్య. కాలవ కట్ట మీద ఎదురుగా ఇంకో లారీ వస్తే, ఎవరో ఒకళ్ళు లాకుల దాకా వెనక్కి పోవాల్సిందే. ఓ పక్క కాలవ, ఓ పక్క పంటబోదె, మధ్యలో బండి పట్టేంత కట్ట. మెతకమనిషి కాబట్టి ఎప్పుడూ తనే పోయేవాడు. కొండలరావు ముందుకు తోలినదానికంటే వెనక్కి తోలిందే ఎక్కువని మిల్లులో చెప్పుకుంటారు.

నాలుగడుగులు ముందుకెళ్ళి మలుపు చూశాడు. మలుపు చివర తిన్నగా, బళ్ళు ఆగడానికి మట్టి జాగా ఉంది.

"మీరు కాస్త వెనక్కి జరగండి తమ్ముడూ. నేను తిరగను. ముక్కు తిన్నగా ఆ మట్టిలోకి పెట్టేస్తాను. పెట్టి, పై దారి వెనక్కి ఎక్కుతాను."

"వెనక్కా? పైకా?"

"పైకే."

శాలేమురాజు కొండవైపు చూసి, మనిషివైపు చూసి, "దేవుడున్నాడులెండి" అని విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

వెనక్కి ఎక్కితే వసారాయే ముందు భాగం. రేకు అడ్డం వచ్చి అద్దాల్లో సగమే కనిపిస్తోంది. వెనక ఎవరైనా కూర్చుని దారి చెప్పాలి. కాలవ కట్ట మీదైతే క్లీనరు బాడీ మీద చరుస్తాడు: రెండు దెబ్బలైతే రమ్మని, ఒక్కటైతే ఆగమని. అజయ్ బాబు వెళ్ళబోతే రత్తమ్మ అడ్డం పడింది.

"నా వసారాలో నేను కూర్చుంటాను. నువ్వు కిందికి చూస్తే కళ్ళు తిరిగి పడతావు."

ఒక చేత్తో స్టీలు కంచం, ఒక చేత్తో ఉప్మా గరిటె పట్టుకుని బల్ల మీద కూర్చుంది. టంగ్ టంగ్. ఇల్లు వెనక్కి కదిలింది. అత్తగారి మాట ఇంత శ్రద్ధగా కొండలరావు ఎన్నడూ విన్నది లేదు.

భయం ఎక్కడికి పోయిందో పోయింది. అద్దంలో సన్నగా దారి, పక్కన లోయ. లోయని కాలవ అనుకున్నాడు, కొండని మినపచేను గట్టు అనుకున్నాడు. తర్వాతి పెద్ద మలుపులో తోక మట్టిలోకి పెట్టి ముక్కుతో ఎక్కాడు, ఆ తర్వాతి దాన్లో ముక్కు పెట్టి తోకతో ఎక్కాడు. అక్కడితో పెద్ద మలుపులు అయిపోయాయి. దారి కాస్త వెడల్పైన చోట శాలేమురాజు బస్సు దాటిపోతుంటే, అందులోవాళ్ళంతా కిటికీల్లోంచి చేతులూపారు.

కొండలరావు మాత్రం వెనక్కే వెళ్తున్నాడు. పెద్ద మలుపులు అయిపోయేసరికి తోక ముందుంది మరి. తిప్పుకోడానికి జాగా ఉన్నచోటల్లా కార్లు, చెరుకురసం బళ్ళు. పైగా అజయ్ బాబు ముచ్చటపడి రివర్స్ హారన్‌లో గుడిగంట పెట్టించాడు. గంట మోగుతూ, తులసి కుండీతో ఒక ఇల్లు అడవిలో వెనక్కి నడిచొస్తుంటే, కాలినడక భక్తులు పక్కకి తొలిగి దణ్ణాలు పెట్టారు. ఒకావిడ పరుగున వచ్చి వసారా స్తంభానికి కుంకుమ పెట్టింది.

"ఏం మొక్కు పిన్నిగారూ ఇది?"

"మా అల్లుడుగారి మొక్కమ్మా" అంది రత్తమ్మ, తడుముకోకుండా. "వెనకటి బాకీ. వెనక్కెళ్ళే తీర్చాలి."

"ఎంత కష్టమైన మొక్కో" అని ఆవిడ చెంపలేసుకుంది.

ఆ తర్వాత దారి తిన్నగా ఉంది. చెట్లనీడ, చల్లటి గాలి. కంచం చప్పుడు ఆగింది. చప్పుడు లేదంటే దారి బాగుందనుకుని కొండలరావు నెమ్మదిగా పోనిస్తున్నాడు. పోనిచ్చాడు, పోనిచ్చాడు.

ఉన్నట్టుండి టంగుమని ఒక్క దెబ్బ. ఎంత గట్టిగా అంటే, అది చెయ్యలవాటున్నవాళ్ళు కొట్టింది కాదు. బ్రేకు తొక్కి, దిగి, వెనక్కి పరిగెత్తాడు.

వసారాలో ఉమ కంచం పట్టుకుని నిలబడి ఉంది. బల్ల మీద రత్తమ్మ, పసుపు గుడ్డ విప్పిన కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుని, తల పక్కకి వాల్చి, అచ్చం అప్పటి అల్లుడిలాగే, అప్పుడే కళ్ళు తెరుస్తోంది. ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, సాక్షి గణపతి గుడి మెట్లు.

"నేను నిద్రపోలేదు" అంది రత్తమ్మ. "కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నాను."

"గురకతోనా?" అన్నాడు అజయ్ బాబు.

కొండలరావుకి ఇన్నేళ్ళలో ఇలాంటి అవకాశం రాలేదు. మళ్ళీ రాదు కూడా. అయినా దేవుడి ముందు కదా, పొదుపుగా వాడుకున్నాడు.

"మాత్రేమైనా వేసుకున్నారా అత్తయ్యగారండీ?"

రత్తమ్మ వినబడనట్టు చెంగు సర్దుకుంది. కొండలరావు భార్యవైపు తిరిగాడు.

"ఉమా, అప్పుడు నువ్వూ నిద్రపోయావనుకున్నానే."

"లేదండి. గణపతిని చూశాను కూడా."

"మరి లేపలేదేం?"

"పెళ్ళై నెల కాలేదు. బస్సు నిండా జనం. అందర్లో మిమ్మల్ని పట్టుకుని కుదుపుతానా ఏంటి?" అంది నవ్వుతూ, కంచం కొంగుతో తుడుస్తూ. "ఇప్పుడైతే కంచమేసి కొడతాను."

కాళ్ళు కడుక్కుని నలుగురూ మెట్లెక్కారు. లోపల గణపతి ఎప్పట్లాగే ఉన్నాడు. ఆలస్యమైందని అన్నట్టు లేడు. మరి పాత దర్శనం చెల్లిందా లేదా? అడుగుదామనుకున్నాడు కొండలరావు. ఆ చిన్న కళ్ళల్లోకి చూసేసరికి, రెండుసార్లూ తను వచ్చిన తీరు ఈయన బాగానే చూసి ఉంటాడనిపించి ఊరుకున్నాడు. పేరూ గోత్రం చెప్పుకున్నాడు.

పక్కనుంచి రత్తమ్మ చేతులు జోడించి, గొంతు తగ్గించి అందుకుంది.

"నాయనా, మా అల్లుడు. రేపల్లె. పాతదీ ఇదీ కలిపి ఒకేసారి చెప్పెయ్యి మీ నాన్నగారికి. నిద్ర సంగతి మాత్రం చెప్పకు."

ఎవరి నిద్ర అని కొండలరావు అడగలేదు. బయటికొచ్చి, రెండు చేతుల్తో కాయెత్తి రాతి మీద కొట్టాడు. ఒక్క దెబ్బకే అది సమంగా రెండు చెక్కలైంది.