మణిదుర్గం బందయిన రోజు

"రేపట్నుంచి మనింట్ల మణిదుర్గం బంద్," అని మేరమ్మ రిమోటును సోఫా మీద పడేసింది.

పక్కనే కూర్చున్న కోడలు కృపాజ్యోతి గబుక్కున ఆ రిమోటు అందుకుంది. ఒక టీవీ సీరియల్ మానేస్తామంటే ఒక ఆడమనిషి అంత బెంబేలు పడాలా అని మీకు నవ్వు రావచ్చు. రానివ్వండి. ఆమె భర్త రూఫస్‌కి కూడా నవ్వే వచ్చింది. "మంచిగైంది పో. ఇగ ఎనిమిదిన్నరకే వేడి వేడి చపాతీలు తినొచ్చు," అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

మేరమ్మ కోపంలో అన్యాయమేమీ లేదు. ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆ సీరియల్ మొదట్లో ఎంత బాగుండేదనీ! రాణి కనకలత గుర్రమెక్కి వరద గోదారిలాంటి నదిని దాటి శత్రువుల గుడారాలు తగలబెట్టేది. కోట గోడ మీది రాతి సింహాలు ఆమె పిలిస్తే లేచి వెంట నడిచేవి. నాంపల్లిలో వీళ్ళ గల్లీ గల్లీ అంతా ఆ అరగంటా కుక్కర్ కూత కూడా వినిపించేది కాదు. తర్వాత ఆ రాణికి పక్క రాజ్యం రాజుతో పెళ్ళి చేశారు. అంతే! గుర్రం పోయింది, కత్తి పోయింది, సింహాలు మళ్ళీ రాళ్ళయి కూర్చున్నాయి. అప్పట్నుంచీ కనకలతకు అంతఃపురంలో ఏడవడమే ఉద్యోగం. అత్త పాయసంలో విషం కలుపుతుంది, ఆ గిన్నె ఎవరు తాగారో తెలియడానికి రెండు వారాలు పడుతుంది. ఒకరు ఒక మాటంటే చాలు, చుట్టూ ఉన్న ఒక్కొక్కరి మొహం మూడేసిసార్లు చూపించి ఉరుములు. కిందటి నెల ఎవడో మాంత్రికుడు ఆమెను చిలకను చేశాడు. ఆ చిలక పంజరంలో కూర్చుని నెల్లాళ్ళు రాణి గొంతుతో ఏడ్చింది. ఈ శనివారం చిలక తిరిగి రాణి అయింది గానీ, మొహం వేరే నటిది! "చిలకయి వస్తే ముక్కు మారుతదా? మనల్ని పిచ్చోళ్ళనుకున్నరా?" అని మేరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

మరి కృపాజ్యోతికెందుకంత దిగులు? చెప్తాను. రోజు మొత్తంలో ఆమెను ఎవరూ పిలవని సమయం ఆ అరగంట ఒక్కటే. పొద్దున్నే లేచి ముగ్గురికి మూడు రకాల నాష్తా చేసి, డబ్బాలు కట్టి, ఆబిడ్స్‌లో కళ్ళద్దాల దుకాణానికి పరుగెడుతుంది. అక్కడ పొద్దంతా కౌంటర్ వెనక నిలబడి, "ఈ ఫ్రేముల నేనెట్లున్న మేడం?" అని అడిగే ప్రతి మొహానికీ బాగుందని చెప్పాలి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేలోపే ఒక గదిలోంచి "జ్యోతీ", ఇంకో గదిలోంచి "అమ్మా". కొడుకు అనురాగ్ బషీర్‌బాగ్ కాలేజీలో పెద్ద చదువే చదువుతున్నాడు. కానీ తన చొక్కా తన అల్మారాలోనే ఉందన్న సంగతి తల్లి చెబితే తప్ప తెలియదు వాడికి.

పోనీ రూఫస్ చెడ్డవాడా అంటే, అయ్యో, కాదు. తాగడు, చెయ్యెత్తడు, చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకుని వంగి వంగి నడుస్తాడు. "నువ్వు కూసుంటే ఇల్లు కూసుంటది జ్యోతీ," అంటాడు చుట్టాల ముందు, మెచ్చుకోలుగా. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా ఆమెకు పిక్కలు లాగేవి. ఒకసారి డెంగీ జ్వరంతో మంచం మీదుంటే వచ్చి, నుదుటి మీద చెయ్యి వేసి, "జర లేచి పోపు డబ్బ ఏడుందో చెప్పి మళ్ళ పండుకో," అన్నాడు. అదీ ప్రేమగానే అన్నాడు. ప్రేమగా అన్నవాడితో పోట్లాడటమెలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మేరమ్మ వేరు. ఆమె మెదక్ వైపు మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఒక్క కేక వేస్తే వార్డంతా గప్‌చుప్ అయ్యేదట. సీరియల్ నడుస్తుండగా కొడుకు నీళ్ళడిగాడా, అయిపోయాడే! "కండ్లు కనబడ్తలేవా? సీరియల్ నడుస్తలేదా? కుండ గాడ్నే ఉంది, ముంచుకొని తాగు," అని కసిరేది. తిట్టుకుంటూ చూడటానికి ఆమెకు పక్కన ఒక మనిషి కావాలి. కాబట్టి కోడలు కూర్చునేది. మొదట్లో మెంతికూర తుంచుతూ కూర్చునేది, తర్వాత అదీ మానేసింది. కళ్ళు టీవీ మీద ఉండేవి. మనసు ఎక్కడుండేది అంటే, ఎక్కడా ఉండేది కాదు. అందులోనే ఉంది హాయి. నిజం చెప్పాలంటే రెండేళ్ళుగా ఆ కథ ఆమె బుర్రకెక్కడం లేదు. చిలక సంగతి కూడా అత్త తిట్లలోంచి తెలిసిందే. ఇప్పుడు ఆ సీరియలే పోతే, ఆ కసిరే గొంతూ పోతుంది, ఆ అరగంటలోకి చపాతీల పీట వచ్చి కూర్చుంటుంది. ఆ ఆలోచనకే ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో స్త్రీల సహవాసం కూడింది. పాటలు, వాక్యం, చాయ్, సమోసాలు అయ్యాక చివర్లో పాస్టరు గారి భార్య ప్రార్థన విన్నపాలు అడుగుతుంది. ఆమెను అందరూ పాస్టరమ్మ అంటారు. ఎవరింట్లో ఎవరికి బాగాలేదో, ఎవరి పిల్లకు సంబంధం కుదరలేదో చెబితే అందరూ కళ్ళు మూసుకుని వాళ్ళ కోసం ప్రార్థిస్తారు.

మేరమ్మ లేచి నిలబడింది. "పాస్టరమ్మా, మా కనకలత పేరు తీసెయ్యున్రి. ఇగ ఆమె కోసం ప్రార్థన వద్దు."

పాస్టరమ్మ మొహం పాలిపోయింది. "అయ్యో, ఏమైందమ్మా? పోయిందా?"

"పోలే. మొహం మారింది."

"ఆపరేషనైందా?"

గది వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కనకలత కడుపుతో ఉందనీ, అత్త విషం పెడుతోందనీ ఆర్నెల్ల కింద మేరమ్మే విన్నపం ఇచ్చింది. ఆమె వీళ్ళ గల్లీలో ఉండే ఏ హిందూ పిల్లో అనుకుంది పాస్టరమ్మ. ఇంట్లో టీవీ లేని మనిషి, ఆమెకేం తెలుసు! తెలిసినవాళ్ళేమో మేరమ్మకు భయపడి ఏమీ అనకుండా కళ్ళు మూసుకుని వారం వారం ఆమెన్ అన్నారు.

"అంటే... టీవీల రాణి కోసమా నేను ఉపవాసమున్నది!" అని పాస్టరమ్మ కుర్చీలో కూలబడింది. గదంతా గొల్లున నవ్వింది. మేరమ్మ మాత్రం తొణకలేదు. "బాధల ఉన్న ఆడామె గదా. ప్రార్థన ఏం వేస్టు గాదు," అంది.

ఇక మొదలైంది చర్చ. కిందటేడే పెళ్ళయిన స్టెఫీ అందరికంటే ముందు అందుకుంది. "గామె పెళ్ళి చేసిన్రు చూడు, గాడ్నే ఖరాబైంది కథ!" ఇజ్రాయేల్ మాస్టారి భార్య ఒప్పుకోలేదు. "పెళ్ళి గాదు, రాసేటాయన మారిండు. కోట చూసినవా? పరదా బట్ట! ఫ్యాను గాలికి బురుజు ఊగుతుంది," అంది. సైన్యమంటే ఆ నలుగురేననీ, వాళ్ళే ఇటు నుంచి పోయి అటు నుంచి వస్తున్నారనీ ఇంకొకామె. మనం చూస్తున్నన్నాళ్ళూ వాళ్ళు తీస్తూనే ఉంటారు, అందరం కలిసి మానేస్తే అదే ఆగిపోతుందని మేరమ్మ తేల్చింది. "మన సహవాసంల ఒక్కరు గూడ చూడొద్దు. చేతులెత్తున్రి!"

చేతులు లేస్తున్నాయి.

"వద్దు!"

అందరూ తిరిగి చూశారు. కృపాజ్యోతి! ఇన్నేళ్ళలో ఆ గదిలో చాయ్ గ్లాసులు అందించడం తప్ప నోరు విప్పని మనిషి, లేచి నిలబడి ఉంది. "ఇప్పుడే మంచిగ నడుస్తుంది కథ. కొత్తామె గూడ మంచిగ చేస్తుంది. బంద్ చేయొద్దు," అంది గబగబా.

"ఏం మంచిగుందక్కా? ఒక్క సీను చెప్పు," అంది స్టెఫీ నవ్వుతూ. ఎగతాళికి కాదు, వాదనకే అడిగింది.

కృపాజ్యోతి నోరు తెరిచింది. "చిలక..." అంది. "చిలక పోయింది గదనే!" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు. ఎంత సిగ్గు! ఒక అరగంట కోసం ఊగిపోయే బట్టకోటను బాగుందని వెనకేసుకు రావాలా? ఎవరి సొత్తు దొంగిలించిందని ఈ అబద్ధాలు?

"నేను సీరియల్ చూడ," అంది. "రెండేండ్ల నుంచి చూస్తలేను. టీవీ ముందట కూసుంట, అంతే. ఆ అరగంట నన్నెవరు పిలవరు. జ్యోతీ అనరు, అమ్మా అనరు. అది పోతే నాకు ఇగ ఏం లేదు. గందుకే వద్దంటున్న."

మేరమ్మ సమోసా పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. అయిపోయింది, ఇంటి పరువు చర్చిలో పెట్టానని ఇక బతికినంత కాలం వినాలి అనుకుంది కృపాజ్యోతి.

"నేను బాత్రూంల నల్లా ఇప్పి కూసుంట అక్కా," అంది స్టెఫీ, మెల్లిగా. "నీళ్ళు పోతయని పాపమనిపిస్తది గాని, ఏం చేయాలె? చప్పుడు లేకపోతే పిలుస్తరు."

ఇజ్రాయేల్ మాస్టారి భార్య గొంతు సవరించుకుంది. "చెత్త పారేయనీకని పోయి నేను మొజంజాహీ మార్కెట్ దాక నడిచొస్తా. కుక్కలు ఎంటబడ్డయని చెప్త మా సార్‌కి."

నవ్వు పూర్తి కాకముందే పాస్టరమ్మ చెయ్యెత్తింది, బళ్ళో పిల్లలా. "ఏకాంత ప్రార్థన అని తలుపేసుకుంట నేను. దేవుడు క్షమించాలె, సగం దినాలు నిద్రపోత!"

ఇక ఆ గది ఆగలేదు. పొట్టలు పట్టుకుని, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. కృపాజ్యోతి కూడా కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. తానొక్కతే చేస్తున్నాననుకున్న దొంగతనం ఊరంతా చేస్తోందని తెలిస్తే ఎంత తేలిక! ఇన్నేళ్ళుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టయింది.

అత్తా కోడళ్ళు నడిచి ఇంటికి బయల్దేరారు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల కుప్పలు, వాటి చుట్టూ జనం. మేరమ్మ పెద్ద పెద్ద అంగలేస్తూ ముందు నడుస్తోంది. కృపాజ్యోతికి మళ్ళీ భయం పట్టుకుంది. జనం పలచబడ్డాక మేరమ్మ ఆగింది.

"నౌకరి చేసినన్ని దినాలు నేను నైట్ డ్యూటీలే అడిగి వేయించుకున్న, ఎరికేనా? అందరు అయ్యో పాపం అందురు. పాపమేంది? పేషెంట్లు పండుకుంటే ఆ వార్డుల నన్ను పిలిచేటోడు లేకుండె. ఇంట్ల మీ మామ, మేరీ మేరీ అని పొద్దందాక పిలుస్తనే ఉండె."

"నాకెప్పుడు చెప్పలేదు అత్తమ్మా."

"ఏం చెప్పాలె? నువ్వొచ్చినంక పిలుపులన్ని నీ దిక్కు మళ్ళినయి. నాకు పీడ వదిలిందనుకున్న." ఆ మాట అని మేరమ్మ కోడలి మొహం చూడకుండా రోడ్డు వైపు చూసింది. "వదిలింది గాదు, నీ మీద పడ్డది. సరే తీ, రూఫస్‌గాని ఫికర్ చేయకు. వాడు పిలిస్తే నేను కసురుత. సీరియల్ లేకున్న కసురుత."

కృపాజ్యోతికి ఆ క్షణాన అత్తను వాటేసుకోవాలనిపించింది. నడిరోడ్డు కాబట్టి చెయ్యి మాత్రం పట్టుకుంది. ఎంత ఊరటగా ఉందంటే, నాంపల్లి దాకా ట్రాఫిక్ హారన్లు కూడా చెవినపడలేదు. కానీ ఇంటి మెట్లెక్కుతుండగా ఇంకో ఆలోచన వచ్చింది. నిన్న సీరియల్ కాపలా, ఇవాళ అత్తమ్మ కాపలా. పాపం, అత్తమ్మకు వయసు మీద పడింది, రేపు ఆమె మంచాన పడితే? ఎవరో ఒకరు కసిరితే గాని నాకు అరగంట రాదా? అడగటానికి నాకు నోరు లేదా? ఇవాళ అంతమంది ముందు వచ్చింది కదా!

రాత్రి ఎనిమిదిన్నరకు, సీరియల్ వచ్చే వేళకు, టీవీ నల్లగా ఉంది. కృపాజ్యోతి వంటింట్లో లైటు తీసేసి వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. రూఫస్ ఫోన్ పక్కన పెట్టి, చేతులు కూడా కడుక్కుని వచ్చాడు.

"జ్యోతీ, చపాతీలు?"

మేరమ్మ గొంతు సవరించుకుంది. కృపాజ్యోతి ఆమె వైపు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగున్రి అత్తమ్మా, నేనే చెప్త," అంది. భర్త వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. "పిండి తడిపి పెట్టిన. ఆకలైతే మీరు చేసుకోన్రి, అనురాగ్ తోడొస్తడు. లేదంటే తొమ్మిదింటికి నేను లేస్త. అప్పటిదాక నన్ను పిలవొద్దు. ఇయ్యాలే గాదు, రోజూ."

రూఫస్ తల్లిని చూశాడు, నల్లటి టీవీని చూశాడు, మళ్ళీ భార్యను చూశాడు. నిజంగానే అర్థం కాలేదు పాపం. "గదేంది? సీరియల్ బందైంది గదా?"

"బందైంది సీరియలే," అంది కృపాజ్యోతి, కాళ్ళు చాపుకుంటూ.