చుక్క లేని పేట

రత్నమణి చూపుడువేలు కేస్ షీటు మీద వరుస వెంట వరుస జరుగుతోంది. పేరు గంగాలమ్మ. వయసు యాభై ఎనిమిది. అంగిలి క్యాన్సర్. చిరునామా దగ్గర వేలు ఆగింది: కేరాఫ్ సూర్యకాంతమ్మ, గాజువాక.

క్యాన్సర్ రోగుల వివరాలు నమోదు చేసే ఆఫీసులో పందొమ్మిదేళ్లుగా ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఆసుపత్రుల రికార్డు గదుల్లో స్టూలు మీద కూర్చుని రాసుకోవడమే పని. ఇరుగుపొరుగు అడిగితే రాతపని అంటుంది. ఆదివారం చర్చిలో ఎవరో లేచి, పేరు చెప్పని జబ్బు కోసం ప్రార్థించమంటారు. ఆ పేరు తను మంగళవారమే రాసి ఉంటుంది. తల ఇంకాస్త దించుకుంటుంది.

ఆఫీసు కంప్యూటర్లో నగరం పటం ఉంటుంది. రోగి ఇల్లున్న చోట ఎర్రచుక్క పడుతుంది. చుక్కలు ఎక్కువున్న చోటికి పరీక్షల వ్యాను వెళ్తుంది. ఉన్నది ఒకటే వ్యాను. జాలరిపేటలో ఒక్క చుక్కా లేదు. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే ఆడవాళ్లు ఆ పేటలో ఎందరున్నారో రత్నమణికి తెలుసు.

షీటు మీది నంబరుకు ఫోన్ చేస్తే గంగాలమ్మ చెల్లెలు సూర్యకాంతమ్మే పలికింది.

"మా అప్ప ఇక్కడుండదమ్మా, జాలరిపేటలో ఉంతాది. సేపలమ్ముకునే మనిషి కదా. నలుగురికీ తెలకూడదని నా అడ్రస్ ఇచ్చింది."

పదకొండింటికి రత్నమణి ఆ ఇంటి ముందుంది. గంగాలమ్మ వసారాలో గోడకానుకుని కూర్చునుంది. ఎడమ చెంప లోపలికి పోయింది. కొంగుతో మాటిమాటికీ పెదాలు అద్దుకుంటోంది. కూతురు దుర్గ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రాసుకోడాలేటీ వొద్దు మేడమ్. తెలిస్తే మా గంపలో సేప ఎవులు ముట్టుకుంతారు?"

"పేరు బయటికి పోదమ్మా. పేటలో ఒకరున్నారని మాత్రమే తెలుస్తుంది. తెలిస్తేనే పరీక్షల వ్యాను వస్తుంది."

"వొద్దన్నాను కదా."

రత్నమణి ఫైలు మూసింది. ఇలాంటి గుమ్మాల ముందు నుంచి చాలాసార్లు తిరిగిపోయింది. అప్పుడు గంగాలమ్మ గోడ పట్టుకుని లేచింది.

"ఒకర్తినేటి? ఇంకా ముగ్గురున్నారు." మాట ముక్కులోంచి వస్తోంది. "నాను రాకపోతే నోరు సూపించరు. పద."

దుర్గ చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని, పిన్నీసు పెట్టిన నీలం హవాయి చెప్పులు తొడుక్కుంది.

మూడిళ్లూ దగ్గరే. ఆమెకు చాలాసేపు పట్టింది. ప్రతి గడప దగ్గరా కూలబడి, ఊపిరి తీసుకుని, ముందు తన నోరు తెరిచి అంగిట్లో పడిన చిల్లు చూపించింది. అది చూశాక ఎదుటి మనిషి తనూ తెరిచేది. మొదటి ఇంట్లో ముసలామెకు పుండు. రెండో ఇంట్లో మచ్చ. మూడో ఇంటి కుసుమకుమారికి ముప్పై అయిదుండవు. "నాకేటీ నేదప్పా" అని నవ్వింది. గంగాలమ్మ కదల్లేదు. చివరికి కుసుమకుమారి ఎండ వైపు మొహం తిప్పింది. రత్నమణి డాక్టరు కాదు గాని, గోరంత తెల్లమచ్చ ఆమెకూ కనిపించింది.

తిరిగొచ్చి చాప మీద వాలి గంగాలమ్మ అడిగింది. "వేనొత్తాదా?"

"వస్తుంది." ఆ మాట ఇచ్చే అధికారం తనకు లేదని తెలిసే రత్నమణి అంది.

అదే మధ్యాహ్నం ఆఫీసులో పైఅధికారి డాక్టర్ ఉమాశంకర్ గంగాలమ్మ చిరునామా మార్చాడు. గాజువాకలో చుక్క మాయమై సముద్రపు ఒడ్డున తేలింది.

"మిగతా ముగ్గురికీ పరీక్షలో తేలితేనే చుక్క, రత్నమణిగారూ."

"పరీక్ష కావాలంటే వ్యాను వెళ్లాలి కద సార్."

ఆయన తెర మీద వ్యాను తేదీల పట్టిక తెరిచాడు. "గురువారం పంపుదాం. ఒక్కరోజే."

ఆ సంగతి గంగాలమ్మకు చెబుదామని సూర్యకాంతమ్మ ఇచ్చిన ఇంటి నంబరుకు చేస్తే ఫోన్ దుర్గ ఎత్తింది.

"అమ్మ పోయింది మేడమ్. నీళ్లడిగింది, తెచ్చేతలికి నేదు." వెనక ఏడుపులు వినిపిస్తున్నాయి. "ఎండలో తిప్పేసారు కదా దాన్ని."

రత్నమణి ఫోన్ పెట్టేసింది. ఫారంలో మరణించిన తేదీ గడి నింపింది. ఆ రోజు తేదీయే. అంకె వంకరపోతే కొట్టేసి మళ్లీ రాసింది.

పొద్దు వాలేవేళకు వెళ్లేసరికి వసారా నిండా ఆడవాళ్లు. దుర్గ ఆమెను చూసింది. కొంచెం పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. రత్నమణి కూర్చుంది.

వెళ్లేటప్పుడు రత్నమణి కుసుమకుమారి ఇంటి గుమ్మం ముందు ఆగిపోయింది. మధ్యాహ్నం గంగాలమ్మ వట్టి కాళ్లతో ఇల్లు చేరిందని అప్పుడు తెలిసింది. గడప పక్కన ఆమె నీలం హవాయి చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసుతో, వీధి వైపు తిరిగి ఉన్నాయి.